ఇంట్లో పెద్దవాళ్లకు మతిమరుపు వస్తే, మనుషులు దూరం కాకుండా ఏం చేయాలి, ఎలా చేయాలి

మా అత్త నాకు మేనత్త కూడా. మా నాయనకు సొంత అక్క. చిన్నప్పుడు సెలవులకు కర్నూలు వస్తే నాకు తల దువ్వి జడ వేసిన మనిషి, పెళ్లయ్యాక పద్దెనిమిదేళ్లు ఒకే వంటింట్లో నాతో కలిసి వండిన మనిషి, ఒకరోజు మా నాయనకు ఫోన్ చేసి "నీ కూతురు నా పింఛన్ డబ్బులు తీస్తోంది" అని చెప్పింది. ఆ నెల ఒకటో తారీఖు పొద్దున వార్డు సచివాలయం అబ్బాయి ఇంటికే వచ్చి వేలిముద్ర వేయించుకుని 4,000 చేతికి ఇచ్చిపోయాడు. సాయంత్రానికి డబ్బులు లేవు. రెండు రోజుల తర్వాత దిండు గలీబులో దొరికాయి. దొరికాక కూడా "నువ్వే పెట్టింటావు అక్కడ" అంది.

మా నాయన నన్ను ఏమీ అనలేదు కానీ నెల రోజులు మా ఇంటికి రాలేదు. మా ఆడబిడ్డ ఆదోని నుంచి ఫోన్ చేసి "అమ్మ అబద్ధం ఎందుకు చెప్తుంది?" అని అడిగింది. మా ఆయన ఎవరి పక్కన మాట్లాడాలో తెలియక ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. అది జబ్బు అని మాకు తెలియడానికి దాదాపు ఏడాది పట్టింది, ఆ ఏడాదిలో మేం ఒకరినొకరు అన్న మాటలు మాత్రం అత్తకు తప్ప మా అందరికీ గుర్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో ఇప్పుడే మొదలైతే, మాకు చివర్లో తెలిసినవి మీరు ముందే చేసుకోవచ్చు.

1. డాక్టర్ కంటే ముందు ఒక నోట్‌బుక్

పిల్లల పాత నోట్‌బుక్ చాలు. తారీఖు, టైము, ఏం జరిగింది, అంతే. మీ కోపం, మీ అభిప్రాయం అందులో రాయొద్దు. "పొద్దున 8కి టిఫిన్ తిన్నది, 8.30కి నాకు ఏమీ పెట్టలేదు అంది" అని రాయండి, "మళ్లీ నా మీద చాడీలు చెప్పింది" అని కాదు. రెండు మూడు వారాలు రాస్తే మీకే ఒక వరస కనిపిస్తుంది.

వయసుతో వచ్చే మరుపు వేరు, ఇది వేరు. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం, పక్కింటావిడ పేరు గుర్తురాక కాసేపటికి రావడం అందరికీ ఉండేదే. అడిగిందే పది నిమిషాల్లో మళ్లీ అడగడం, పుట్టి పెరిగిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్క తెలియకపోవడం, ఎన్నో ఏళ్లు చేసిన పని ఎలా చేయాలో తోచక నిలబడిపోవడం, ఇవి మామూలు మరుపు కాదు. మా అత్త చేతి ఉగ్గాని మా వీధిలో అందరికీ తెలుసు. ఒకరోజు నూనె కాగబెట్టి, బొరుగులు నానబెట్టకుండా పొడివే అందులో పోసి, నా వైపు తిరిగి "తర్వాత ఏం చేయాల?" అని అడిగింది. నేను నవ్వేసి గరిటె తీసుకున్నాను. ఆ రోజు తారీఖు కూడా రాసిపెట్టుకోలేదు, తర్వాత డాక్టర్ "ఎప్పటి నుంచి?" అని అడిగితే చెప్పలేకపోయాను.

ఒక్కటి మాత్రం ఆగకూడనిది. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు మూడు రోజుల్లోనే ఒక్కసారిగా తికమకపడి, ఎవరిని చూసినా గుర్తుపట్టక, లేనివి కనిపిస్తున్నాయంటే, దాన్ని మతిమరుపు అని వదిలేయొద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, సోడియం తగ్గి ఉండొచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు, మన ఎండలకు ఒంట్లో నీళ్లు ఇంకిపోయి ఉండొచ్చు. కొన్ని వారాల కింద జారిపడి తలకు దెబ్బ తగిలి ఉంటే లోపల రక్తం నెమ్మదిగా చేరి ఇప్పుడు బయటపడొచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

2. డాక్టర్ దగ్గర ఏం అడగాలి

మేం మొదట వెళ్లిన చోట "డెబ్బై దాటినాయి కదమ్మా, ఇంతే" అని బలం టానిక్ రాసి పంపేశారు. మేం నమ్మి ఇంటికొచ్చేశాం. మీకు కూడా అలా చెప్తే ఇంకో చోటికి వెళ్లండి. న్యూరాలజీ డాక్టర్ గానీ, మానసిక వైద్యుల దగ్గర గానీ చూపించాలి. మానసిక వైద్యులు అంటే "మా అమ్మకు పిచ్చా" అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, పట్టించుకోవద్దు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఈ రెండు విభాగాలూ ఉన్నాయి. అనంతపురం వైపు వాళ్లు చాలామంది బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికి పోతారు.

వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్ర మాత్రలు, జలుబు మాత్రలు, అలర్జీ మాత్రలు కూడా, ఎందుకంటే వాటిలో కొన్ని ముసలివాళ్లలో బుర్రను మొద్దుబారుస్తాయి. రక్తంలో బీ12, థైరాయిడ్, షుగర్, సోడియం, కిడ్నీ పరీక్షలు, అవసరమైతే తలకు స్కానింగ్ చేయిస్తారు. బీ12 తగ్గినా, థైరాయిడ్ తగ్గినా, లోపల దిగులు జబ్బు ఉన్నా అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది, వాటికి మందు ఉంది. చెవులు కూడా చూపించండి. వినపడని మనిషి సగం మాట విని తప్పు జవాబు చెప్తే మనం మర్చిపోయింది అనుకుంటాం, పైగా వినికిడి తగ్గడం డిమెన్షియాకు, అంటే ఈ మతిమరుపు జబ్బుకు, దారితీసే కారణాల్లో ఒకటి.

రానంటే ఎలా? "నీకు మతిమరుపు వచ్చింది, పద" అంటే ఎవరూ రారు. మేం "బీపీ చూపించుకుందాం పద అత్తా, నేను కూడా చూపించుకుంటా" అని ఇద్దరం చూపించుకున్నాం.

డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం అల్జీమర్స్. అది అని తేలితే డోనెపెజిల్, మెమాంటిన్ లాంటి మాత్రలు ఇస్తారు. కొందరికి కొంతకాలం కాస్త నిలకడగా ఉంటుంది, జబ్బు మాత్రం పోదు. జ్ఞాపకశక్తి పొడులు, తైలాలు అమ్మేవాళ్లకు డబ్బులు పోయొద్దు. మంత్రం వేయిస్తే, దిష్టి తీస్తే తగ్గుతుందని చెప్పే చుట్టాలు వస్తారు. మన దేశంలో 60 దాటినవాళ్లలో వందకు ఏడుగురికి పైగా, దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. ఇంతమందికి ఉన్నది ఎవరి కర్మా కాదు, ఎవరో చేయించిందీ కాదు.

3. అన్నదమ్ములను, ఆడబిడ్డలను కూర్చోబెట్టడం

అన్నిటికంటే కష్టమైనది ఇదే, మేం అన్నిటికంటే ఆలస్యంగా చేసింది కూడా ఇదే.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఈ జబ్బు ఉన్నవాళ్లు చుట్టాలు వచ్చినప్పుడు చాలా బాగుంటారు. ఎలాగో ఓపిక కూడగట్టుకుని, నవ్వుతూ, "పిల్లలు బాగున్నారా, పంట ఎట్లుంది" అని అందరినీ అడిగే మాటలే అడుగుతారు. మా ఆడబిడ్డ వచ్చిన రోజు మా అత్త తల దువ్వుకుని కొత్త చీర కట్టుకుని కూర్చునేది. ఆమె రెండు రోజులుండి "అమ్మ బాగానే ఉంది కదా, నువ్వే ఊరికే టెన్షన్ పడుతున్నావు" అని వెళ్లిపోయేది. ఆ రాత్రి అలిసిపోయి అత్త మరీ గందరగోళంగా ఉండేది, అది చూడడానికి నేను తప్ప ఎవరూ లేరు. దగ్గరున్న మనిషి చెప్పేది దూరంగా ఉన్నవాళ్లు నమ్మకపోవడం ఇక్కడి నుంచే వస్తుంది, వాళ్లలో చెడ్డతనం ఉండి కాదు.

కాబట్టి మాటలతో నమ్మించడానికి ప్రయత్నించొద్దు, చూపించండి. ఒక వారం మీరు పుట్టింటికి పోండి, ఆ వారం కొడుకో కూతురో వచ్చి ఒంటరిగా చూసుకోవాలి. కనీసం ఐదు రాత్రులు. మా ఆడబిడ్డ మూడో రాత్రి రెండున్నరకు ఫోన్ చేసింది, అమ్మ తనను "నువ్వెవరు, మా ఇంట్లో ఏం చేస్తున్నావు" అని అడిగిందని ఏడుస్తూ. తర్వాత ఆమె నన్ను ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు.

రెండోది, తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి అందరూ కలిసి వెళ్లండి, రాలేనివాళ్లు ఫోన్‌లో వీడియోలో ఉండాలి. కోడలి నోటి నుంచి వచ్చిన మాటకు, డాక్టర్ నోటి నుంచి వచ్చిన అదే మాటకు మన ఇళ్లలో తేడా ఉంటుంది. అది న్యాయం కాదు, కానీ దాంతో పోట్లాడే టైము మీకు లేదు.

మూడోది, పనులు పంచుకోండి, పేరు పెట్టి మరీ. "అందరం చూసుకుందాం" అంటే చివరికి ఒక్కరే చూసుకుంటారు. మందుల ఖర్చు ఎవరిది, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, నెలలో ఏ రాత్రులు ఎవరు పక్కన పడుకుంటారు అనేది రాసుకోండి. దుబాయిలోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకు రాలేడు, సరే, ఆయన డబ్బు పంపొచ్చు, రోజూ సాయంత్రం ఆరుకు ఫోన్ చేసి అరగంట మాట్లాడొచ్చు. ఆ అరగంటలో ఇక్కడున్న మనిషి స్నానం చేసి టీ తాగుతుంది.

4. "నువ్వే తీసినావు" అన్నప్పుడు

ముందు ఇది ఎందుకు వస్తుందో. మెదడులో కొత్త సంగతులను దాచుకునే భాగం ఈ జబ్బులో తొందరగా దెబ్బతింటుంది. డబ్బు దిండులో దాచిన సంగతి ఆమె మర్చిపోవడం కాదు, ఆ సంగతి అసలు లోపల నిలవనే లేదు. డబ్బు లేదు అన్నది మాత్రం కళ్లకు కనిపిస్తోంది. మరి ఏమైంది? ఎవరో తీశారు. ఎవరు? రోజంతా ఇంట్లో ఉండేది ఎవరైతే వాళ్లు. అందుకే కోడలి మీదో, పనిమనిషి మీదో, చూసుకునే కూతురి మీదో పడుతుంది. మీ పేరు వచ్చిందంటే మీరు ఆమెకు అంత దగ్గరగా ఉన్నారనే.

ఆ క్షణంలో ఏం చేయాలంటే: ఒట్టు పెట్టొద్దు, సాక్ష్యం చూపించొద్దు, "నేనెందుకు తీస్తా?" అని అడగొద్దు. "డబ్బులు కనపడలేదా అత్తా? అయ్యో, పద వెతుకుదాం" అనండి. ఇద్దరూ వెతకండి. ఒక్కొక్కరికి దాచుకునే చోట్లు కొన్నే ఉంటాయి, మా అత్తకు దిండు గలీబు, బియ్యం డబ్బా, మడత పెట్టిన చీరల మధ్య, దేవుడి పటం వెనక. మీకు ఎక్కడుందో తెలిసినా మీరు తీసి ఇవ్వొద్దు, "అటు చూడు అత్తా" అని ఆమె చేతికే దొరికేలా చేయండి. మీరు తీసి ఇస్తే మీరు దాచినట్టే అవుతుంది.

మిమ్మల్ని మీరు కాపాడుకోవడం కూడా అవసరం. పింఛన్ వచ్చే ఒకటో తారీఖు ఇంట్లో ఇంకొకరు ఉండేలా చూసుకోండి, నోట్‌బుక్‌లో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆమె చేతి సంచిలో ఎప్పుడూ పది, ఇరవై నోట్లు కొన్ని ఉంచండి, తీసి లెక్కపెట్టుకుంటే ఆమెకు ధైర్యం. బంగారం విషయంలో మేం అందరం కూర్చుని, ఫోటోలు తీసి, తూకం రాసుకుని, లాకర్‌లో పెట్టి, అచ్చం అలాంటిదే వన్‌గ్రాం గోల్డ్ గొలుసు ఆమె మెడలో వేశాం. ఇది అందరికీ తెలిసే చేయాలి. ఒక్కరు గుట్టుగా చేస్తే తర్వాత నిజంగానే దొంగతనం అవుతుంది.

5. మాట్లాడే తీరు

"ఇందాకే చెప్పినాను కదా" అనే మాటను ఇంట్లో అందరూ మానేయాలి. ఆమెకు ఇందాక అనేది లేదు. అడిగిన ప్రతిసారీ మొదటిసారి అడిగినట్టే చిన్న జవాబు ఇవ్వండి. కష్టమే, నాకూ పదోసారికి గొంతు మారుతుంది.

ఇంటికొచ్చిన వాళ్లు "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెడతారు, పిల్లలు కూడా ఆటగా అడుగుతారు. ఆమె ముఖం చూడండి ఆ క్షణంలో. దాన్ని ఆపించండి. మా పిల్లలకు నేర్పింది ఇది: లోపలికి రాగానే "జేజీ, నేను నీ చిన్న మనవరాలిని, బడి నుంచి వచ్చినా" అని వాళ్లే చెప్పాలి.

మామ చనిపోయి తొమ్మిదేళ్లయింది. ఒకసారి "మీ మామ ఇంకా రాలేదే" అని అడిగితే నిజం చెప్పాను. అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది. మర్నాడు మళ్లీ అడిగింది. ఒక మనిషికి తన భర్త చావును రోజూ కొత్తగా చెప్పడం నాకు తప్పనిపించింది. ఇప్పుడు "మామ గుర్తొచ్చినాడా అత్తా? ఆయనకు జొన్నరొట్టె మీదికి ఏం కూర ఇష్టం?" అని అడుగుతాను. గంటసేపు చెప్తుంది. అబద్ధం చెప్పాల్సిన పని కూడా పడదు.

మా ఇల్లు పాతబస్తీలో, తుంగభద్రకు దగ్గర. 2009 అక్టోబర్ 2న ఊళ్లోకి వరద వచ్చినప్పుడు మా అత్త బియ్యం మూట నెత్తిన పెట్టుకుని మిద్దె ఎక్కింది. ఇప్పుడు గట్టి వాన పడితే చాలు, అర్ధరాత్రి లేచి కాగితాలు, బియ్యం, పిల్లల బట్టలు మూటగట్టి "నీళ్లు వస్తాన్నాయి, పైకి పదండి" అని అందరినీ లేపుతుంది. పాత సంగతులు చాలాకాలం గట్టిగా ఉంటాయి కదా, అందులో భయపెట్టినవి ఇంకా గట్టిగా. మా ఆయన మొదట్లో "అమ్మా, అది ఎప్పటి మాట" అని వాదించేవాడు, ఆమె కొడుకు మునిగిపోతాడేమోనని ఇంకా గట్టిగా అరిచేది. ఒకరోజు నేను ఒక మూట తీసుకుని ఆమె చెయ్యి పట్టుకుని పైకి వెళ్లాను. పది నిమిషాలు కూర్చున్నాం. "నీళ్లు తగ్గినట్టున్నాయి అత్తా" అన్నాను. "తగ్గినాయి, పద" అని దిగి వచ్చి పడుకుంది. వాదన పెట్టుకుంటే తెల్లవార్లు, వెంట నడిస్తే పది నిమిషాలు.

సాయంత్రాలు ఎక్కువ కష్టంగా ఉంటాయి, చీకటి పడుతుంటే "మా ఇంటికి పోవాల నేను" అని సొంత ఇంట్లోనే అంటారు. ఐదున్నరకే లైట్లన్నీ వేయండి, టీవీ ఆపండి, చేతికి ఒక పని ఇవ్వండి. మా అత్త శెనక్కాయలు ఒలుస్తుంది, ఒలిచినవి అయిపోతే నేను ఇంకో చేట తెస్తాను.

6. దారి తప్పితే

తలుపు గడియ పైకి మార్చండి. రవిక లోపల ఫోన్ నంబర్ రాసిన చిన్న గుడ్డముక్క కుట్టండి. ఫోన్‌లో నెలనెలా కొత్త ఫోటో తీసి ఉంచండి. ఆటోస్టాండు వాళ్లకు, మూల మీద కిరాణా అంగడి ఆయనకు, గుడి పూజారికి విషయం చెప్పండి, దాచొద్దు. కనపడకపోతే చుట్టాలకు ఫోన్లు చేస్తూ కూర్చోకుండా వెంటనే 112కు చెప్పండి. రాత్రిళ్లు గ్యాస్ రెగ్యులేటర్ తీసేయండి.

7. కాగితాలు, తొందరగా

ఆమెకు ఇంకా అర్థమయ్యే రోజుల్లోనే బ్యాంకు ఖాతాను జాయింట్ చేయడం, నామినీ, వీలునామా పూర్తి చేసుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆమె బదులు ఇంకొకరు వ్యవహారాలు చూసే అధికార పత్రం, రాయించుకుంటే చాలనుకుంటారు, రాసిన మనిషికి మతి స్థిమితం పోయాక మామూలుగా అది చెల్లదు. ఆ తర్వాత గార్డియన్ కావాలంటే కోర్టు ద్వారానే, వకీలును అడగండి. తెలివి లేని స్థితిలో ఆమె వేలు పట్టుకుని ఎవరూ దేని మీదా ముద్ర వేయించొద్దు, కోర్టులో నిలబడదు, తోబుట్టువుల మధ్య కూడా ఇక మాటలుండవు. తమను చూసుకోవాలనే షరతుతో పిల్లలకు ఆస్తి రాసిచ్చాక వాళ్లు చూసుకోకపోతే, 2007 నాటి వృద్ధ తల్లిదండ్రుల చట్టం కింద ట్రిబ్యునల్ ఆ రాతను రద్దు చేయొచ్చు.

8. చూసుకునే మనిషి

మీ ఇంట్లో చూసుకునేది ఎవరో వాళ్లకు ఈ భాగం చదివి వినిపించండి, వాళ్ల భర్తలకు కూడా.

ఒకసారి నేను అత్త మీద గట్టిగా అరిచాను. ఆమె మూలకు జరిగి చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పది నిమిషాల్లో నేను అరిచిన సంగతి మర్చిపోయింది, కానీ సాయంత్రం దాకా నేను దగ్గరికి పోతే ఉలిక్కిపడింది. జరిగింది పోయినా దాని భయం లోపల ఉండిపోతుంది. మంచి మాట చెప్పినా అంతే, ఏం చెప్పామో పోతుంది, నెమ్మది మాత్రం కాసేపు ఉంటుంది. ఆ రోజు నేను నాలుగు రాత్రులుగా నిద్ర పోలేదు. నేను చెడ్డదాన్ని కాబట్టి అరిచాననుకున్నాను చాలా రోజులు. నిద్ర లేక అరిచాను.

చెయ్యి లేస్తోందనిపిస్తే ఆమెను కూర్చోబెట్టి మీరు గది బయటికి వచ్చేయండి. ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ నంబర్, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ల విషయాలకు 14567 ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. "నీకేం, ఇంట్లోనే కదా ఉంటావు" అన్నవాళ్లకు జవాబు చెప్పకండి, ఒక రాత్రి కాపలా అప్పగించండి.

మా నాయన ఇప్పుడు వస్తున్నాడు. అత్త ఆయనతో "నీ కూతురు నా డబ్బులు తీసింది" అని ఇప్పటికీ చెప్తుంది. "అట్లనా అక్కా, పద వెతుకుదాం" అని లేచి ఆమె వెంట బియ్యం డబ్బా దగ్గరికి పోతాడు. నెలలో రెండు శనివారాలు మా ఆడబిడ్డ ఆదోని నుంచి వచ్చి అత్త పక్కన పడుకుంటుంది, నేను మిద్దె మీద పడుకుంటాను. నోట్‌బుక్‌లో ఆమె కూడా రాస్తోంది. పోయిన వారం రాసింది: "రాత్రి మూడుసార్లు లేచింది. నన్ను చిన్నమ్మా అని పిలిచింది. రెండు గ్లాసులు నీళ్లు తాగింది. తెల్లవారుజామున నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది."